మింగని చెంచాడు నూనె

ఆ ఏడు సూర్యుడు కొండ వెనక్కి దిగిపోయిన రోజు మా కోడలు అస్కాలె పరుగుకి వెళ్ళి ఉంది. నేను వంటింటి కిటికీ దగ్గర బంగాళాదుంపలు చెక్కు తీస్తూ, సముద్రం పక్క రోడ్డు మీద దాని నుదుటి దీపం కదులుతుంటే చూస్తున్నాను. మిట్టమధ్యాహ్నం. ఆకాశం అంచు కాస్త ఎర్రబడింది, మళ్ళీ నీలమైపోయింది, అంతే. ఇక జనవరి దాకా, ఉత్తర ధ్రువానికి దగ్గర్లో ఉన్న మా స్కార్విక్‌లో పొద్దు పొడవదు. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నదే అయినా ఏటా ఆ రోజుల్లో నాకు మగతగా ఉంటుంది. గిన్నెలు కడుగుతూ కల కంటున్నానో, కలలో గిన్నెలు కడుగుతున్నానో తెలియదు. ఆ నీలంలో ఎగిరెగిరి పడుతూ పోయే దీపం చూస్తుంటే, అది మనిషి కాదేమో, ఎవరో మరిచిపోయి గాల్లో వదిలేసిన వెలుగేమో అనిపించేది.

మా ఇంట్లో ఒక పద్ధతుంది. సూర్యుడు మునిగిన మర్నాటి నుంచి తిరిగి వచ్చేదాకా, రోజూ పొద్దున్నే ఇంట్లో ఎంతమందుంటే అంతమందికీ తలా ఓ చెంచాడు చేపనూనె. కాడ్ చేప కాలేయం నుంచి తీసిన నూనె. చెంచా చేతికిస్తే ఎవరూ తాగి చావరు గనక ఇంటి పెద్దది స్వయంగా నోట్లో పొయ్యాల్సిందే. మా అత్తగారు నా నోట్లో పోసింది, నేను మా ఐవిన్ నోట్లో పోశాను. వాడికి ముప్పయ్యేళ్ళొచ్చాయి, గడ్డం పెంచాడు, ఇప్పటికీ ముక్కు మూసుకునే నోరు తెరుస్తాడు.

ఆ చలికాలం వాడు ఊళ్ళో లేడు. పెళ్ళయిన నెలకే పెద్ద చేపల పడవలో పని దొరికితే పెళ్ళాన్ని నా దగ్గర దింపి వెళ్ళాడు.

"అమ్మా, దీన్ని పరిగెత్తనివ్వు. దానికి పరుగే ప్రాణం" అన్నాడు గుమ్మంలో.

"నేనేమన్నా కాళ్ళకి తాడు కడతానట్రా?" అన్నాను.

అస్కాలెది ఇథియోపియా. కొండల మీద దెబ్రె బిర్హాన్ అనే ఊరు. మారథాన్ పరిగెడుతుంది. వసంతంలో జరిగే పెద్ద పందెం మీదే దాని ధ్యాసంతా. మనిషి సన్నం, మాట ఇంకా సన్నం. మొదటి రోజు నేను చెంచా నోటి దగ్గర పెట్టగానే ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. తర్వాత రెండు చేతులూ గడ్డం కింద దోసిలిపట్టి, కళ్ళు మూసుకుని, నోరు తెరిచింది.

"ఎలా ఉంది?" అన్నాను.

నోరు విప్పకుండానే తల ఊపి, బూట్లు తొడుక్కోవడానికి బయట అరుగు మీదకి వెళ్ళిపోయింది.

కాఫీకి వచ్చిన పక్కింటి బెరిత్ గుడ్లప్పగించి చూసింది. "ఓ యబ్బో! నా కూతుళ్ళు ముగ్గురూ దీని కాళ్ళు మొక్కాలి వదినా. ఒక్కసారైనా ఇంత బుద్ధిగా తాగారా?"

"నా కోడలంటే ఏమనుకున్నావ్!" అన్నాను. పొంగిపోయాననే చెప్పాలి.

డిసెంబరు వచ్చేసరికి దాని కాళ్ళు మొరాయించాయి. వారానికోసారి చాలా దూరం పరిగెడుతుంది. మామూలుగానైతే మర్నాటికల్లా కాళ్ళు కొత్తవైపోయేవట. ఇప్పుడు మూడు రోజులైనా నొప్పి తగ్గడం లేదు. మేడ మెట్లు దిగాలంటే కమ్మీ పట్టుకుని, వెనక్కి తిరిగి, ఒక్కో మెట్టూ ముసల్దానిలా దిగేది. సగంలో కూర్చుండిపోయి తొడలు పిసుక్కునేది.

ఓ రోజు నేనూ వెళ్ళి ఆ మెట్టు మీదే కూర్చున్నాను. కిటికీలోంచి మంచు తాలూకు నీలపు వెలుతురు మా ఇద్దరి ఒళ్ళోనూ పడుతోంది.

"మరీ అంత దూరం ఎందుకే?" అన్నాను.

"దూరం ఎక్కువ కాదు అత్తయ్యా. మా ఊళ్ళో ఇంతకంటే ఎక్కువే. పరిగెత్తేటప్పుడు కండ లోపల కొంచెం చిరుగుతుంది. పడుకుంటే అదే కుట్టుకుంటుంది. ఇక్కడ కుట్టుకోవడం లేదు." తొడ మీంచి చెయ్యి తీసింది. "ఐవిన్‌కి చెప్పాను. సూర్యుడు తిరిగొచ్చేలోగా కాళ్ళు తిరిగి రాకపోతే మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను."

"వెళ్ళి?"

"అక్కడ ఎండలో పరిగెత్తుతాను."

"మళ్ళీ వస్తావా?"

"పరిగెత్తలేకపోతే నేనెవర్ని అత్తయ్యా?" అంది. నేనడిగిన దానికి అది జవాబు కాదు.

 మా ఆయన పోయాక ఆ ఇంట్లో గడియారం చప్పుడు తప్ప ఏముంది? ఇది వచ్చాక పొద్దున్నే కాఫీ గింజలు పెనం మీద వేయిస్తుంది, ఇల్లంతా పొగ, సన్నగా ఏదో కూనిరాగం. ఆ పొగకి నేను రోజూ సణిగేదాన్ని, నిజమే. కానీ అది వెళ్ళిపోతే నేనేమైపోవాలి? కొడుకు వెళ్ళినప్పుడు కూడా నాకంత భయం వెయ్యలేదు.

మర్నాటి నుంచి చెంచా ఒకటి కాదు, రెండు చేశాను. అది కళ్ళు పెద్దవి చేసింది గానీ నోరు తెరిచింది. బుగ్గలు కాస్త ఉబ్బాయి. తల ఊపి అరుగు మీదకి పోయింది.

రెండు చెంచాలకీ నొప్పి లొంగకపోయేసరికి ఆరోగ్య కేంద్రానికి లాక్కుపోయాను. అక్కడి డాక్టరు సిన్నోవె మా ఐవిన్‌తో కలిసి చదువుకున్న పిల్లే. రక్తం తీసింది. కొద్ది రోజులకి మళ్ళీ పిలిచి కాగితం చూస్తూ పెదవి విరిచింది.

"డి విటమిన్ అడుగంటిపోయింది పిన్నీ."

"నీ మిషనే అడుగంటిపోయింది. నా చేత్తో రోజూ చేపనూనె పోస్తుంటే! అదీ రెండేసి చెంచాలు!"

"రెండు చెంచాలు తాగే మనిషి రక్తం ఇలా ఉండదు."

"అంటే నేను అబద్ధమాడుతున్నానా? నీ ముక్కు చీమిడి తుడిచిన చేతులే ఇవి!"

సిన్నోవె నవ్వాపుకుంది. అస్కాలె మాత్రం నేల చూపులు చూస్తోంది. పాపం, నా అరుపులకి సిగ్గుపడుతోంది కాబోలనుకున్నాను.

"చూడండి," అంది సిన్నోవె, "డి తక్కువైతే కండ నీరసిస్తుంది, అలిసిన కండ తేరుకోవడం ఆలస్యమవుతుంది అంటారు. మొత్తం దానివల్లేనని నేను ఒట్టెయ్యను. కానీ ముందు ఈ లోటు పూడ్చి చూద్దాం. మనకే ఈ చీకట్లో చాలదు. ఈ అమ్మాయి నల్లటి ఒంటికి ఇక్కడి ఎండ వేసవిలో కూడా అరకొరే." గోళీల డబ్బా చేతిలో పెట్టింది. అస్కాలె రెండు చేతులా అందుకుని, దండం పెట్టి, జేబులో వేసుకుంది.

తిరిగి వస్తుంటే ఊరంతా నీటి అడుగున ఉన్నట్టుంది. ఇళ్ళ కిటికీల్లో పసుపు దీపాలు, పైన ధ్రువకాంతితో ఆకుపచ్చగా ఆకాశం ఊగుతోంది. అది నా చెయ్యి పట్టుకుని మంచు మీద మెల్లగా నడిచింది. పందేలు పరిగెత్తే పిల్ల, నా వయసున్నదానితో సమానంగా. నాకు ఏడుపొచ్చింది.

డబ్బా తెచ్చి వారం దాటింది. కాళ్ళు అలాగే ఉన్నాయి. అప్పుడు బెరిత్ వచ్చింది, చంకలో పిల్లితో.

"వదినా, నిజం చెప్పు. మా పిల్లికి ఏం పెడుతున్నావ్?"

"నీ పిల్లికి నేనెందుకు పెడతాను?"

"చూడు మరి! బొచ్చు పట్టుబట్టలా మెరుస్తోంది. ఒళ్ళు చేసి కిటికీలోంచి దూరలేకపోతోంది. పొద్దున లేస్తే చాలు, మీ అరుగు మీదకే పరుగు. ఇంట్లో పాలు పోస్తే మూతి తిప్పుకుంటోంది."

 మర్నాడు రెండు చెంచాలూ పోసి, అస్కాలె అరుగు మీదకి వెళ్ళాక, పొయ్యిలోకి కట్టెలు కావలసొచ్చి పెరటి తలుపులోంచి చుట్టూ తిరిగి వెళ్ళాను. అరుగు దీపం కింద అస్కాలె ఒంగి ఉంది. ముందొక పింగాణీ సాసరు. దాని నోట్లోంచి పసుపుపచ్చటి నూనె సన్నటి దారంలా, మెల్లగా, తెగకుండా సాసర్లోకి దిగుతోంది. ఆ పక్కనే బెరిత్ పిల్లి, తోక చుట్టుకుని, పెద్దమనిషిలా ఎదురుచూస్తోంది. మంచు పడుతోంది. ఒక్క క్షణం అదంతా నేను కలగన్నాననే అనుకున్నాను.

తర్వాత నా ఒళ్ళు మండిపోయింది.

"అమ్మాయ్!"

అది ఉలిక్కిపడి నోరు తుడుచుకుంది. పిల్లి మాత్రం కదల్లేదు.

"ఇన్నాళ్ళూ నేను మేపింది పిల్లినా? ఆ డాక్టరు ముందు నా తల కొట్టేసినంత పనయింది, తెలుసా? వద్దనుకుంటే వద్దని చెప్పలేవూ? నోరు లేదూ నీకు?"

"ఎలా చెప్పను అత్తయ్యా?" సాసరు పక్కకి జరిపింది. "మా ఇళ్ళల్లో ప్రేమ ఉన్నవాళ్ళు ముద్ద చేసి నోట్లో పెడతారు. గుర్షా అంటాం. వద్దంటే పెట్టినవాళ్ళ చెయ్యి విసిరికొట్టినట్టే. ఈ దేశంలో నాకు చేత్తో నోట్లో పెట్టింది మీరొక్కరే. మీ చేతిని నేను వద్దంటానా?"

నా కోపం సగంలో ఆగిపోయింది. "మరి మింగి తగలడొచ్చుగా!"

"ఉపవాసం."

"ఏం ఉపవాసం?"

"మా క్రిస్మస్ దాకా. మీ పండగ అయ్యాక రెండు వారాలకి వస్తుంది మాది. అప్పటిదాకా పాలు, గుడ్డు, మాంసం, ఏవీ ముట్టం. కొందరు చేప తింటారు. మా అమ్మ తినదు, నేనూ తినను."

"పప్పూ కూరగాయలే వండుకుంటుంటే పందెం కోసం ఒళ్ళు తగ్గించుకుంటున్నావనుకున్నానే! మరి గోళీలు?"

జేబులోంచి డబ్బా తీసింది. నిండుగా ఉంది. "పైన మెత్తటి తొడుగుంది చూడండి. మందుల షాపులో అడిగాను. ఆవు తోలూ ఎముకలూ ఉడికించి చేస్తారట."

"కాళ్ళు పోతున్నాయే పిచ్చిదానా!"

"తెలుసు."

"ఒక్క ఏడాది మానేస్తే దేవుడు ఊరుకోడా?"

"ఊరుకుంటాడు. కానీ ఈసారి ఐవిన్ కోసం మొక్కుకున్నాను అత్తయ్యా. ఆయన సముద్రం మీదున్నాడు కదా."

 కట్టెలు తీసుకుని లోపలికి వచ్చేశాను.

మర్నాడు నూనె సీసా తియ్యలేదు. మధ్యాహ్నం అది పరుగు నుంచి వచ్చి, పొయ్యి మీద ఎర్ర కందిపప్పు వేసి, దాంట్లో వాళ్ళ ఎర్రటి కారం కలిపి, బల్ల మీద పడి నిద్రపోయింది. పప్పు కుతకుతలాడుతోంది. ఆ కారం ఘాటుకి నా కళ్ళలో నీళ్ళు. ఇంత ఘాటులో చేపనూనె కలిస్తే ఎవరికి తెలుస్తుంది? చెయ్యి దానంతటదే సీసా మీదకి పోయింది. చెంచా నింపాను. గిన్నె మీదకి తెచ్చాను. ఆవిరి నా చేతిని తడుపుతోంది. ఒక్క వంపు వంపితే చాలు, దాని కాళ్ళు దానికి, నా కోడలు నాకు.

అది నిద్రలో ఏదో గొణిగి పక్కకి తిరిగింది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఏం పెట్టినా నమ్మి తినేసే నోరు.

ఆ చెంచా నేనే తాగేశాను. సీసాకి మూత బిగించి, పక్కగదిలోకి వెళ్ళి సిన్నోవెకి ఫోన్ చేశాను.

"జంతువు తగలని డి విటమిన్ లేదటే నీ దగ్గర?"

"ఎందుకు లేదు పిన్నీ! నాచు నుంచి తీసే చుక్కల మందుంది. మన రెయిన్‌డీర్లు మంచు తవ్వుకుని తింటాయే, అలాంటి నాచు. ఇక్కడ దొరకదు, పట్నం నుంచి తెప్పించాలి. ఈ మాట మొదటి రోజే చెప్పుంటే..."

"మొదటి రోజు నాకు తెలిస్తేగా తల్లీ! తెప్పించు."

తెప్పించింది గానీ, గాలివాన పట్టుకుని సరుకుల ఓడ మా రేవుకి రాలేదు. వచ్చినట్టే వచ్చి, దీపాలు చూపించి, మా ఊరు దాటి పోయింది. ఈలోగా మా క్రిస్మస్ వెళ్ళిపోయింది. నేను చేప వండలేదు. చేపల ఫ్యాక్టరీలో జన్మంతా గడిపినదాన్ని, పండగ పూట కోడలి పప్పు తిన్నాను. నాలుక భగ్గుమంది.

"నీళ్ళు కావాలా అత్తయ్యా?"

"నోర్మూసుకుని వడ్డించు" అన్నాను.

అది నవ్వింది. పగలూ రాత్రీ ఒకటే అయిన ఆ రోజుల్లో మేమిద్దరం చాలాసేపు పొయ్యి దగ్గరే ఉండేవాళ్ళం. ఎప్పుడు మాట్లాడుకున్నామో, ఎప్పుడు కునుకు తీశామో గుర్తులేదు. అది వాళ్ళమ్మ గురించి చెబుతుంటే, ఆ కొండల మీది ఎండ నా మోకాళ్ళకి తగులుతున్నట్టుండేది. అంత మంచి ఎండ వదిలేసి ఇక్కడెందుకుంటుందిలే అని భయమూ వేసేది.

గాలి తగ్గాక ఓడ ఆగింది. చిన్న సీసా, మూతకి చుక్కలు వేసే గొట్టం. అస్కాలె చేతికిచ్చాను.

"అంతా చదువు. చేప గానీ ఆవు గానీ ఉంటే ఇప్పుడే చెప్పు. మళ్ళీ పిల్లి పాలు చెయ్యకు."

తిప్పి తిప్పి చదివింది. "నాచు. నూనె గింజల నూనె. అంతే."

"నోరు తెరువు."

దోసిలి పట్టి, కళ్ళు మూసుకుని తెరిచింది. చుక్కలు వేశాను. గొంతు కదిలింది.

"మింగావా?"

"మింగాను."

"ఏదీ, చూపించు!"

నవ్వుతూ నాలుక బయటపెట్టింది. ఆ నవ్వు మధ్యలోనే కళ్ళనీళ్ళు తిరిగాయి దానికి. నాకూ తిరిగాయి, ఎందుకు దాచాలి?

వాళ్ళ పండగ నాడు ఉపవాసం విడిచి, కోడికూర వండి, తనే వచ్చి నా ముందు నోరు తెరిచింది. "ఇవాళ చేపనూనె పొయ్యండి. మీ ఇంటి పద్ధతి నేనెందుకు తప్పాలి?" పోశాను. మింగి, ముఖమంతా వంకర చేసింది. "ఇన్నాళ్ళూ నోట్లో పెట్టుకుంటేనే ఘోరమనుకున్నాను. మింగితే ఇంకా ఘోరం!" ఆ సంగతి సిన్నోవెతో చెబితే గయ్యిమంది. రెండూ కలిపి పొయ్యొద్దంది, డి ఎక్కువైనా ముప్పేనంది. దాంతో మళ్ళీ చుక్కలే.

మందేమీ మంత్రం కాదు. కొన్నాళ్ళు దాని దీపం రోడ్డు చివరి దాకా వెళ్ళేది, కొన్నాళ్ళు మధ్యలోనే తిరిగొచ్చేసేది. మధ్యాహ్నాలు మాత్రం రోజు రోజుకీ కాస్త కాస్త ఎర్రబడుతున్నాయి. ఊరంతా ఆ ఎరుపు చూసి సంబరపడుతుంటే నేను కిటికీ వైపు చూడటం మానేశాను. సూర్యుడు రావడమంటే గడువు రావడం. ఐవిన్ పడవలోంచి ఫోన్ చేసి, "ఏమంటోందమ్మా?" అంటాడు. "నీ పెళ్ళాన్ని నువ్వే అడుక్కో" అంటాను. ఇద్దరిలో ఎవరికీ అడిగే ధైర్యం లేదు.

సూర్యుడొచ్చే రోజున బడి మూసేస్తారు. ఊరు ఊరంతా జామ్ పెట్టిన తీపి బన్నులు మూట కట్టుకుని కొండెక్కుతుంది. అస్కాలె పరుగున ముందుకెళ్ళి, మళ్ళీ కిందికొచ్చి నన్ను పలకరించి, మళ్ళీ పైకి వెళ్ళి, అలా నేను ఒక్కసారి ఎక్కిన కొండని అది నాలుగుసార్లు ఎక్కింది. పైకి చేరేసరికి సముద్రం మీద దట్టంగా మబ్బు. పిల్లలు "రా, రా!" అని గొంతులు చించుకున్నారు. మబ్బు అంచు గులాబీ రంగుకి తిరిగింది, బంగారంలా అయింది, అందరి ముఖాల మీదా ఆ రంగు పడింది, మెల్లగా చల్లారిపోయింది. సూర్యుడు మాత్రం కనపడలేదు.

జనం బన్నులు తినేసి దిగిపోతున్నారు. నేనిక ఉండబట్టలేకపోయాను.

"కాళ్ళెలా ఉన్నాయి?"

"సగం" అంది.

"సగమంటే ఏమిటే? సరిగ్గా చెప్పు."

"నిన్న దూరం పరుగు కదా. ఇవాళ నొప్పుంది. కానీ రేపటికి తగ్గిపోయే నొప్పి. వసంతం పందెం నావల్ల కాదు అత్తయ్యా. ఎండాకాలం వెళ్ళాక ఇంకో పందెం ఉంది, అది చూడాలి."

"ఎక్కడుండి చూస్తావ్?"

అది మబ్బు వంక చూసింది.  గాలికి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"ఇంట్లో పప్పెంతుంది?" అంది.

"ఇప్పుడు పప్పు సంగతెందుకే, చంపుతావా?"

"వచ్చే నెల మా పెద్ద ఉపవాసం మొదలు. మొన్న అయిపోయింది చిన్నది, అదే పెద్దది. యాభై అయిదు రోజులు. ఇక్కడి కొట్లో అంత పప్పు దొరకదు. ఇప్పుడే చెప్పి పట్నం నుంచి తెప్పించుకోవాలి."

"యాభై అయిదు రోజులా?" నా అరుపుకి దిగేవాళ్ళంతా వెనక్కి తిరిగి చూశారు. "నీ దుంపతెగ, యాభై అయిదు రోజులు నాతో ఆ నిప్పుల పప్పు తినిపిస్తావా? పచ్చి చేపల మధ్య పుట్టి పెరిగినదాన్ని! నీకు జాలీ దయా ఉన్నాయా? మీ అమ్మకి చెబుతానుండు!"

అది నా చంక కింద చెయ్యేసి, జారకుండా పట్టుకుని, మెల్లగా దింపుతోంది. నేను కొండ దిగినంతసేపూ తిడుతూనే ఉన్నాను. నా జన్మలో ఎవరినీ అంత సంతోషంగా తిట్టలేదు.